ఇంద్రేశంలో గిన్నెల దగ్గర దొరికిన స్పానిష్ భూతకాలం

...కాబట్టి అంత భయంలోనూ చెప్పులు వేసుకుని తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగాను. పోయిన పేజీ సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. ఇవాళ ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. అమ్మకి నిన్ననే చెప్పి ఉంచాను, పటాన్‌చెరులో ఫిజిక్స్ డౌట్స్ క్లాసు ఉందని, ఫ్రెండ్‌తో కలిసి వెళ్తానని. నిజానికి నేను వెళ్తున్నది ఇంద్రేశం, స్పానిష్ క్లాసుకి.

అది చదవనివాళ్ళకి కొంచెం చెప్పాలి. నాకు పదహారేళ్ళు. మాది సంగారెడ్డి, ఇంటర్ మొదటి సంవత్సరం. అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మందుల డబ్బాల్లో మడత పెట్టి ఉంటుందే సన్నని కాగితం, అది అచ్చువేసే ప్రెస్సులో నాన్న మెషిన్ చూస్తారు. అచ్చు మసకగా పడిన షీట్లు లెక్కలు చేసుకోవడానికి నాకు తెచ్చేవారు. ఒకవైపు నా లెక్కలు, రెండోవైపు ఏదో దేశానికి వెళ్ళాల్సిన స్పానిష్. ‘సి ఒల్విదో తోమార్’ అని ప్రతి షీట్‌లోనూ ఉండేది. మందు వేసుకోవడం మరచిపోతే ఏం చేయాలో చెప్పే భాగం అది. లెక్క రానప్పుడల్లా కాగితం తిప్పి దాన్ని చదువుకునేదాన్ని. అలా మొదలైంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటర్ అయ్యేదాకా వేరే పుస్తకం ముట్టుకోకూడదని నాన్న మాట. ఒంటరిగా బస్సెక్కి హైవే మీద తిరగకూడదన్నది అమ్మ మాట. నేను ఇప్పుడు రెండూ తప్పుతున్నాను.

నేర్పే ఆవిడ పేరు లావణ్య అక్క. మందుల కంపెనీలో స్పానిష్ లేబుళ్ళు సరిచూడటం ఆమె ఉద్యోగం. ఆదివారాలు ఇంద్రేశంలో తన పుట్టింట్లో మొదటి బ్యాచ్‌కి ఉచితంగా నేర్పుతుంది. పటాన్‌చెరులో ఒక జిరాక్స్ షాపు గోడ మీద కాగితం చూసి వెళ్ళాను. ఇవాళ్టిది నాలుగోసారి. పోయిన ఆదివారం అక్క అంది: “రెండో బ్యాచ్‌ల ఒక్క సీటే ఉంది. వచ్చే వారం మీ ఇంటి తలుపు కాడ్నించి మా ఇంటి తలుపు దాకా ఎట్లొచ్చినవో పది వాక్యాల్ల చెప్పు. అంతా జరిగిపోయినట్టు చెప్పాలె. చెప్తే సీటు నీది.” రెండో బ్యాచ్‌వాళ్ళే చలికాలంలో స్పానిష్ పరీక్ష రాస్తారు. వారమంతా ఆ పది వాక్యాలే నా తలలో తిరిగాయి.

సంగారెడ్డి కొత్త బస్టాండ్‌లో ఎనిమిదింపావుకి బస్సు దొరికింది. మహిళలకి జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కార్డు ముందే చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ముఖం సగం చున్నీలో దాచుకున్నాను, నాన్న ప్రెస్సువాళ్ళు ఎవరైనా ఎక్కుతారేమోనని. కండక్టరమ్మ వచ్చింది.

“ఏడికి బిడ్డా?”

“పటాన్చ్...”

“ఏందీ?”

“పటాన్‌చె...”

“సగం ఊరికి టికెట్ ఉండదు బిడ్డా. ఊరంత చెప్పు.”

వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. ఇది నాకు అలవాటే. మా ఇంట్లో ‘వచ్చాను, తిన్నాను’ అంటాం. స్కూల్లో అలా అంటే “ఏందే, టీవీల యాంకర్ లెక్క మాట్లాడుతున్నవ్” అని ఏడిపించేవారు. సరేనని ‘వచ్చిన, తిన్న’ నేర్చుకున్నాను. అది ఇంట్లో ఒకసారి నోరు జారితే అమ్మ గరిటె ఆపి మరీ “ఏంటే ఆ మాట?” అంది. అప్పటి నుంచి మాట చివర మింగేయడం మొదలుపెట్టాను. ‘వచ్చ్’ అని ఆపేస్తే ఇంట్లోవాళ్ళు వాళ్ళకి కావలసింది వింటారు, బయటివాళ్ళు వాళ్ళకి కావలసింది వింటారు. ఇన్నేళ్ళూ నేను దీన్ని తెలివి అనుకున్నాను.

కంది దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఆదివారం కాబట్టి రుద్రారం దగ్గర కాలేజీ బస్సులు లేవు. ఇస్నాపూర్ చౌరస్తాలో మాత్రం డ్యూటీకి వెళ్ళేవాళ్ళు టిఫిన్ డబ్బాలతో గుంపులుగా ఉన్నారు, వాళ్ళ మాటలు సగం హిందీ, సగం తెలుగు. అక్కడ మందుల ఫ్యాక్టరీల నుంచి గాలిలో వచ్చే వాసన కొత్తవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. చున్నీ అడ్డం పెట్టుకుంటే రెండు నిమిషాల్లో దాటిపోతుంది. తొమ్మిదీ పదికి పటాన్‌చెరులో దిగాను. అక్కడ నుంచి ఇంద్రేశానికి షేర్ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు. నిండేదాకా కదలదు. పావుగంట ఆగాల్సి వచ్చింది.

“కూసో చెల్లె, జెర లోపలికి జరుగు. ఊర్లకా, వెంచర్లకా?” అన్నాడు డ్రైవర్ అన్న.

వెంచర్ అంటే ఊరి బయట కొత్తగా వేసిన ప్లాట్లు. నాకు కావలసింది పాత ఊరు. “ఊళ్ళో...” అన్నాను, ఎప్పటిలాగే గొంతులోనే. ఆయనకి ఏం వినిపించిందో, తెల్ల ఆర్చి ఉన్న వెంచర్ గేటు ముందు దింపేశాడు. లోపల రోడ్లున్నాయి, కరెంటు స్తంభాలున్నాయి, ఇళ్ళు మాత్రం అక్కడక్కడ. వాచ్‌మన్ తాత కుర్చీలోంచి లేవకుండానే “ప్లాటు సూడనీకొచ్చినవా?” అని అడిగాడు. పదహారేళ్ళ పిల్ల బ్యాగు తగిలించుకుని ప్లాటు కొనడానికి వచ్చిందనుకున్నాడంటే ఈ వైపు భూముల పిచ్చి ఎంతుందో చూడండి. దారి చెప్పమంటే చెరుకు రసం బండి దాకా నేరుగా పోయి కుడికి తిరగమన్నాడు. ఎండలో దాదాపు ముప్పావుగంట నడిచాను. తొమ్మిది ముప్పావుకి చేరాల్సినదాన్ని పదిన్నరకి చేరాను.

లావణ్య అక్క వరండాలో చాప వేసి కూర్చుని ఉంది. నీళ్ళిచ్చి, “చెప్పు” అంది.

పుస్తకంలో అన్నీ సరిగ్గానే రాసుకున్నాను. స్పానిష్‌లో తీసుకోవడానికి ‘తోమార్’ అంటారు. మందు వేసుకోవడానికీ అదే, బస్సు ఎక్కడానికీ అదే, టీ తాగడానికీ అదే. ‘తోమే’ అంటే నేను తీసుకున్నాను. ‘తోమో’ అని చివర ఒత్తి పలికితే అతనో ఆవిడో తీసుకున్నారు. అదే ‘తోమో’లో మొదటి అక్షరం ఒత్తితే నేను ఇప్పుడు తీసుకుంటాను అని. ‘నేను’ అనే మాట విడిగా చెప్పనక్కరలేదు, చివరి అక్షరమే చెప్పేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ నోరు తెరిచేసరికి ‘ఏ’ అనాల్సిన ప్రతిచోటా సగం మింగిన ‘ఓ’ వచ్చింది. తలుపు వేసింది, బస్సు ఎక్కింది, కార్డు చూపించింది, నడిచింది... నాలుగు వాక్యాలయ్యాక అక్క చెయ్యెత్తి ఆపింది.

“ఎవలో తలుపేసిన్రు. ఎవలో బస్సెక్కిన్రు. ఎవలో ఎండల నడిచిన్రు. అంతా మంచిగనే ఉంది. మరి నువ్వేడున్నవ్?”

“నేనే అక్కా అదంతా...”

“నువ్వైతే నువ్వని ఇనవడాలె గద. నీ కథల నువ్వే లేవు.”

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. మూడోసారీ అదే. అక్కకి కోపం రాలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. “పన్నెండింటికి ఇంకో అమ్మాయి వస్తది, సీటు ఆమెకిస్త లేకుంటే. అప్పటిదాంక టైముంది. ఎనుకకు పోయి మొఖం కడుక్కో, చాయ్ పెడ్త” అంది. గడియారం పదకొండు చూపిస్తోంది.

ఇంటి వెనక నల్లా దగ్గర అక్కవాళ్ళమ్మ ఉంది. అందరూ అనసూయమ్మ అంటారు, నేను పెద్దమ్మా అంటాను. నిన్న చుట్టాలొచ్చారట. ఒక చిన్న కొండంత గిన్నెలు ముందేసుకుని పీట మీద కూర్చుంది.

“ఏందే బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? మా లావణ్య తిట్టిందా?”

“లేదు పెద్దమ్మా. నాకే రావట్లేదు.”

“ఏం రావట్లే?”

“జరిగిపోయినవి చెప్పడం.”

“ఓ యమ్మ! జరిగిపోయినయి చెప్పుడు రాకపోవుడేంది? మా ముసలోళ్ళకు గవ్వే వస్తయి. జరగబోయేటియే రావు.”

నవ్వు ఆగలేదు. ఏడవడానికి వచ్చి నవ్వేశాను. ఊరికే నిలబడలేక ఆమె పక్కన కూర్చుని పీచు తీసుకుని ఒక గంజు ముందుకు లాక్కున్నాను. తోముతూ లోలోపల అనుకుంటున్నాననుకున్నాను, కానీ బయటికే వచ్చేసింది: “తోమే, తోమాస్తే, తోమో, తోమామోస్, తోమారోన్...”

పెద్దమ్మ చెయ్యి ఆగింది. “తోముతనే ఉన్నవ్ గద, మల్ల తోమే తోమే అనుడెందుకు?”

“గిన్నెలు కాదు పెద్దమ్మా, అది స్పానిష్. తోమే అంటే నేను తీసుకున్నాను అని. టీ తోమొచ్చు, మందుబిళ్ళ తోమొచ్చు, బస్సు తోమొచ్చు.”

“బస్సు తోముతరా? మంచిగుంది. మా ఊరి బస్సును గూడ ఎవలన్న జెర తోమితే బాగుండు.” నవ్వి, కళ్ళు తుడుచుకుని, చేతిలో గ్లాసు పక్కన బోర్లించింది. “అయితే ఇను. నేను తోమిన.” ఇంకో గ్లాసు బోర్లించింది. “నువ్వు తోమినవ్.” మూడో గ్లాసు పట్టుకుంది. “మా ఆయన... మా ఆయన ఎన్నడు తోమలే. పోనీ అనుకుందాం. తోమిండు. మా లావణ్య తోమింది. మనం తోమినం. వాళ్ళు తోమిన్రు. ఎవలు తోమిన్రో తోకనే చెప్తది. ఊకె నేను నేను అనుడెందుకు?”

వరసగా బోర్లించిన ఆ గ్లాసుల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఎల్‌కేజీ నుంచి నాకు గ్రామర్ అంటే ఇంగ్లిష్ గ్రామరే. అందులో నేను కడిగినా, నువ్వు కడిగినా, వాళ్ళు కడిగినా క్రియ ఒకేలా ఉంటుంది. ముందు మనిషిని చెప్పకపోతే ఎవరి పనో తెలియదు. నేను స్పానిష్‌ని ఇన్నాళ్ళూ ఆ గుమ్మంలోంచే చూస్తున్నాను, తోకల్ని పట్టికలో బట్టీ పట్టాల్సిన చిక్కుముడుల్లా. ఆ తోకలు పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఉన్నాయి. అదీ రెండు రకాలు!

“పెద్దమ్మా, మళ్ళీ చెప్పు, ఒక్కొక్కటే చెప్పు.”

“తోమిన.”

“తోమే!”

“తోమినవ్.”

“తోమాస్తే!”

“తోమిండు.”

“తోమో!”

“తోమింది.”

“తోమో!”

“అయ్యో, గదేంది? మొగోనికి, ఆడదానికి ఒక్కటే తోకనా?”

“ఒక్కటే.”

“అంటే ఆ దేశంల మొగోళ్ళు గూడ తోముతరన్నట్టు. మంచి దేశం. తోమినం.”

“తోమామోస్!”

“తోమిన్రు.”

“తోమారోన్!”

గిన్నెలు అయిపోవస్తున్నాయి, మేమిద్దరం ఆపలేదు. తర్వాత ఆమే అడిగింది: “మరి నా చిన్నప్పుడు బాయి కాడ రోజూ బూడిదతోని తోముతుంటి. గదానికి ఏమంటరు?” అలా రోజూ జరుగుతూ ఉండేదానికి స్పానిష్‌లో వేరే భూతకాలం ఉంది. ఇంగ్లిష్‌లో దాన్ని చదివినప్పుడు నాకు తల తిరిగింది. ఇక్కడ పెద్దమ్మ ‘తోమిన’కీ ‘తోముతుంటి’కీ తేడా ఎవరూ నేర్పకుండానే పట్టేసింది.

“దానికి తోమాబా అంటారు.”

“అబ్బా! సరిగ్గ పెట్టిన్రు పేరు. రోజూ చేసిన పని యాదికొస్తే అబ్బా అనే అనిపిస్తది.”

నవ్వీ నవ్వీ ఇద్దరికీ దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ఆమె నా చేతిలోంచి పీచు తీసుకుంది. “గని బిడ్డా, ఒకటి చెప్త. నువ్వు తోక మింగుతున్నవ్. నాతోని అన్నప్పుడు గట్టిగ అంటున్నవ్. ఆడ వరండాల కూసున్నప్పుడు తోమ్, తోమ్ అన్నవ్. నాకు ఈడికి ఇనవడ్డది.”

ఎవరికీ చెప్పని విషయం ఆమెకి చెప్పేశాను. ఇంట్లో ‘తోమాను’ అంటామని, బయట అలా అంటే నవ్వుతారని, ‘తోమిన’ అంటే అమ్మకి నచ్చదని, అందుకే రెండూ అనకుండా మధ్యలో ఆపేస్తానని.

“రెండిట్ల ఏదన్న అను. రెండు నీయే. మింగకు మల్ల. మింగితే పని నువ్వు చేస్తవ్, పేరు ఇంకోలకు పోతది.”

అప్పుడే వెనక గుమ్మంలో చాయ్ గ్లాసుతో లావణ్య అక్క కనిపించింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. “ఈడనే చెప్పు” అంది. లేచి నిలబడ్డాను. మోచేతుల దాకా సబ్బు నురగ. ఎవరో పట్టుకుంటారని బస్సులో ఎంత భయపడ్డానో, ఇక్కడ ఈ ఒక్క ‘ఏ’ పలకడానికి అంతకంటే భయపడ్డాను. పెద్దమ్మ ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని లెక్కకి సిద్ధంగా కూర్చుంది.

“సెర్రే లా పుఎర్తా.” తలుపు వేశాను. “తోమే ఎల్ ఔతోబూస్.” బస్సు ఎక్కాను. “మోస్త్రే మి తార్హేతా.” కార్డు చూపించాను. ఆటో ఎక్కాను, వెంచర్ దగ్గర దిగాను, తాతని అడిగాను, నడిచాను, ఆలస్యంగా చేరాను. ప్రతి ‘ఏ’కీ పెద్దమ్మ ఒక గ్లాసు బోర్లిస్తూ, “ఇదిగో, ఇది గూడ ఈమె తోకనే” అంటోంది. ఎనిమిదయ్యాయి. నేను రాసుకున్న మిగతా రెండూ ఊళ్ళో దిగాను, సమయానికి చేరాను అని, అవి ఇవాళ నిజం కావు. తొమ్మిదోది అప్పటికప్పుడు కట్టాను: “లావే లోస్ ప్లాతోస్.” గిన్నెలు కడిగాను. పదోది దానంతటదే వచ్చింది: “నో యోరే.” ఏడవలేదు.

అక్క చాయ్ గ్లాసు గోడ మీద పెట్టి చప్పట్లు కొట్టింది. “ఇప్పుడున్నవ్ నీ కథల!” పెద్దమ్మకి ఆఖరి వాక్యం అర్థం చెప్తే, “ఏడ్సే మొఖమే పెట్టుకొని వచ్చింది గని, నిజమే, ఏడ్వలే. నేను సాక్ష్యం” అంది. సీటు నాదే. పన్నెండింటికి వచ్చిన అమ్మాయికి అక్క మొదటి బ్యాచ్‌లో చోటిచ్చింది కాబట్టి నాకు ఆ బాధ కూడా లేదు.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, పప్పు. తింటుండగా అక్క ఒక ఫారం నా పళ్ళెం పక్కన పెట్టింది. “పరీక్షకు పేరు రాయాలె. నీకు పద్దెనిమిది నిండలే గద, మీ అమ్మదో నాయనదో సంతకం కావాలె. వచ్చే ఆదివారం తీస్కరా. ఇంట్ల తెలుసు గద నువ్వు వస్తున్నట్టు?”

నేను తలొంచుకుని ఫారం అంచు మడవసాగాను. అక్కకి అర్థమైపోయింది. గొంతు పెంచలేదు. “చెప్పకుండ వచ్చినవా? ఇన్ని రోజులు? ఇగ గట్ల నడవదు బిడ్డా. సంతకం లేకుంటే సీటు లేదు. ఇంట్ల చెప్పకుండ వస్తే నేను తలుపు గూడ తియ్య” అంది. పెద్దమ్మ నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

తిరుగు దారిలో ఒంటిగంటకి ఆటో దొరికింది. పటాన్‌చెరులో బస్సు కోసం పది నిమిషాలు నిలబడ్డాను, రెండున్నరకల్లా సంగారెడ్డి. ఈసారి చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. కండక్టర్ అడిగితే ఊరి పేరు మొత్తం చెప్పాను. కిటికీలోంచి కనిపించిన ప్రతిదానికీ తోకలు తగిలించుకుంటూ వచ్చాను. ఇస్నాపూర్‌లో లారీవాళ్ళు టీ తోమారోన్. పక్కన ముసలాయన నిద్రపోతూ నా భుజం మీద పడ్డాడు, బస్సు తోమో, కానీ దిగాల్సిన చోట దిగలేదు. నాలో నేనే నవ్వుకుంటుంటే ఎదుటి సీటు పాప నన్ను చూసి నవ్వింది.

ఇంటికొచ్చాక ఒక విషయం నన్ను వదలడం లేదు. ఈ నెలలో నేను దొంగతనంగా వెళ్ళిన దారి అంతా నాకు సంతోషమే ఇచ్చింది. కానీ ఇంట్లో దాన్ని చెప్పాల్సి వస్తే ఇప్పటిదాకా ‘క్లాసు ఉంది’, ‘లేటయింది’, ‘బస్సు రాలేదు’ అనే చెప్పాను. ఒక్కదానిలోనూ నేను లేను. క్లాసు ఉంది, బస్సు రాలేదు, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు అన్నట్టు. తెలుగులో కూడా నాకు రానిది ఆ ఒక్క తోకే. నాన్న కొట్టరు, అరవరు. ఒకసారి చూసి ఊరుకుంటారు, అదే నాకు భయం. అయినా కాగితాల వెనక వైపు చదువుతూ కూర్చున్న పిల్ల మీద ఆయనకి నిజంగా ఎంత కోపం వస్తుందో నేనెప్పుడూ అడిగి చూడలేదు.

మీలో ఎవరైనా ఇటువైపు నేర్చుకోవడానికి రావాలనుకుంటే ఒకే ఒక్క సలహా. పట్టిక బట్టీ పట్టకండి. మీ ఇంట్లో రోజూ వాడే ఒక క్రియ తీసుకుని, మీ ఇంటి తెలుగులోనే, నేను నువ్వు వాళ్ళు అని వరసగా పైకి చెప్పండి, తర్వాత దాని పక్కన స్పానిష్ పెట్టండి. చేతిలో పనుంటే ఇంకా మంచిది. బస్సులో చెప్పుకోవాలంటే కిటికీ సీటు చూసుకోండి, సంగారెడ్డిలోనే ఎక్కితే తప్పక దొరుకుతుంది. ఇక పరీక్ష సంగతి...

తలుపు కొడుతున్నారు. నాన్నే, దగ్గు తెలుస్తోంది. “అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావు ఇందాకటి నుంచి?” అంటున్నారు. రాస్తూ తోకలన్నీ పైకే అనేస్తున్నానేమో. ఈ పేజీలు పరుపు కిందకి. ఫారం మాత్రం బల్ల మీదే ఉంచుతున్నాను.